నడుం లోతు నీళ్ళలో నాన్న, ఉత్తరాన మేఘం

మా ఊళ్ళో ఉరుముకి విలువ లేదు. భిలాయ్‌లో పుట్టి పెరిగినవాళ్ళకి దూరంగా ఏదో దొర్లినట్టు చప్పుడు వినిపిస్తే అది మా ఉక్కు ప్లాంటే. సాయంత్రం పూట ఆకాశం అంచు ఒక్కసారిగా నారింజ రంగులో వెలిగి ఆరిపోతే, ఎక్కడో స్లాగు ఒంపుతున్నారని అర్థం. కొలిమిలో కరిగిన ఇనుము మీద తేలే మడ్డిని స్లాగు అంటారు. దాన్ని బండ్ల మీద తెచ్చి గుట్టల మీంచి ఒంపినప్పుడు ఆ వెలుగు రుఆబాంధా సెక్టర్లో మా క్వార్టర్ వెనక వాకిట్లోకి కూడా వచ్చేది. మెరుపుకి జడిసి పిల్లలు తల్లి కొంగు పట్టుకుంటారని చిన్నప్పుడు కథల పుస్తకాల్లో చదివి ఆశ్చర్యపోయేదాన్ని. మేం మెరుపుని కూడా ప్లాంటు పనుల్లోనే కలిపేసేవాళ్ళం.

అలాంటి ఊళ్ళో పెరిగి నేను ఉరుముల మేఘాల మీద ఎమ్మెస్సీ ప్రాజెక్టు చేశాను. ఆసక్తి కంటే ముందు ఒక సౌకర్యం చూసుకుని ఆ అంశం తీసుకున్నాను. మిగతావాళ్ళ ప్రాజెక్టులకి బయటికెళ్ళి నలుగురినీ ప్రశ్నలు అడగాలి. నాది తెర ముందు ఒక్కదాన్నే కూర్చుని చేసుకోవచ్చు. నలుగురిలో నోరు విప్పాలంటే నాకు చెమటలు పడతాయి. చర్చిలో పాటలు పాడే క్వయర్‌లో కూడా వెనక వరసలో, పొడుగాటి అక్క ఒకామె భుజం చాటున నిలబడి పాడేదాన్ని. మనసులో మాట చెప్పుకోవడానికి నాకు డైరీ ఉంది. అమ్మ బైబిలు చదివించి నేర్పిన తెలుగుతో, మధ్యమధ్య హిందీ మాటలతో రాసుకునేదాన్ని. అది చాలనిపించేది.

పని మొదలుపెట్టాక మాత్రం మేఘాలు నన్ను వదల్లేదు. ఉపగ్రహం మేఘాన్ని పైనుంచి చూస్తుంది. దాని నెత్తి ఎంత చల్లగా ఉంటే అంత ఎత్తుకి ఎదిగినట్టు. ఒక చిత్రానికీ తర్వాతి చిత్రానికీ మధ్య ఆ నెత్తి గబగబా చల్లబడుతోందంటే లోపల గాలి పైకి తన్నుకొస్తోందన్నమాట. చినుకు పడకముందే ఇది కనిపిస్తుంది. రాడార్ పక్కనుంచి తడిమి చూస్తుంది. అది పంపిన తరంగాలు మేఘం లోపలి చినుకులకీ వడగళ్ళకీ తగిలి వెనక్కి వస్తే, ఎంత వచ్చాయో రంగుల్లో చూపిస్తుంది. నేను చూడగలిగిన రాడార్ పడమట చాలా దూరాన ఉండేది. భూమి గుండ్రంగా ఉంది కాబట్టి దాని తరంగం మా దాకా వచ్చేసరికి నేలకి బాగా ఎత్తున పోతుంటుంది. మేఘం కాళ్ళు దానికి అందవు, తల ఒక్కటే అందుతుంది. అందుకని రెండు రకాల చిత్రాలూ పక్కపక్కన పెట్టుకుని, వాటికి పిడుగులు పడ్డ చోట్ల పటం కూడా జోడించి, ఈ మేఘం మరో గంటలో ఏ ఊరి మీద ఉంటుందో అంచనా కట్టడం నా పని.

మా గైడు సర్‌ది పక్కనే ఉన్న దుర్గ్. ఒక్క ఫోటో చూసి సంబంధం ఖాయం చేసుకోవద్దు, నాలుగైదు చూడు, మనిషి ఎటు నడుస్తున్నాడో తెలుస్తుంది అని ఆయన హిందీలో అనేవారు. మేఘం గురించే అన్నా, క్లాసులో అందరూ నావైపే చూసి నవ్వేవారు.

ఆ మాట వినకుండా నేను ఒకసారి పొరపడ్డాను. చర్చిలో ఆడవాళ్ళంతా పిక్నిక్‌కి బయల్దేరే రోజు పొద్దున ఒకే ఒక్క చిత్రం చూసి, మధ్యాహ్నానికి గాలివాన వస్తుందని అమ్మతో అన్నాను. అమ్మ అందరికీ చెప్పేసింది. ప్రయాణం ఆగిపోయింది. ఆ రోజంతా ఎండ కాసింది. వాళ్ళు వండిన పులిహోర చర్చి వరండాలో కూర్చుని తిన్నారు. అప్పటినుంచి క్వయర్ నడిపే పిన్ని నాకు వాన సిస్టర్ అని పేరు పెట్టింది. పిన్ని అంటే సొంత పిన్ని కాదు, మా బ్లాకులోనే ఉంటుంది. ఆదివారం మెట్ల మీద ఎదురైతే, "ఏటి వాన సిస్టరూ, ఈయేళ గొడుగు తెచ్చుకోమంటావా?" అనేది. నేను నవ్వి తప్పుకునేదాన్ని. ఆ తర్వాత మేఘాల సంగతి ఇంట్లో ఎత్తడం మానేశాను.

ఇక నాన్న సంగతి చెప్పాలి. నాన్నది శ్రీకాకుళం వైపు పల్లె. పెళ్ళికి ముందే ప్లాంటులో చేరారు. ఉక్కు కరిగించే విభాగంలో, ప్లాంటు భాషలో షాపులో, క్రేన్ ఆపరేటర్. కరిగిన ఉక్కు నిండిన పెద్ద కుండని తలల మీదుగా ఒకచోటి నుంచి ఇంకోచోటికి మోసుకెళ్ళే క్రేన్ అది. అమ్మ వాళ్ళది విజయనగరం దగ్గర క్రైస్తవ కుటుంబం. పెళ్ళయ్యాక నాన్న ప్రతి ఆదివారం చర్చికి వచ్చేవారు, చివరి బెంచీలో కూర్చునేవారు, పాటలన్నీ కంఠతా వచ్చేవి. బాప్తిస్మం మాత్రం తీసుకోలేదు. అమ్మ జీవితంలో తీరని కోరిక అదొక్కటే. మొదటిసారి ఒప్పుకున్నప్పుడు సరిగ్గా ఆ పొద్దున షాపులో ఏదో విరిగి డ్యూటీకి పిలిచారు. రెండోసారి ముందు రోజు నుంచి జ్వరం. నాకు రాసిపెట్టి లేదేమో అన్నారు నాన్న, కోపంగా కాదు, మామూలుగానే. ఆ తర్వాత అమ్మ చాలా ఏళ్ళు ఆ మాట ఎత్తలేదు. అడిగితే శాశ్వతంగా కాదంటారని భయం.

కిందటేడు ఈస్టర్ నాడు చర్చి నుంచి వస్తూ స్కూటర్ మీద నాన్నే అన్నారట, ఈసారి నా పేరు కూడా ఇవ్వు అని. అమ్మ ఆ సంగతి సాయంత్రం దాకా నాకు కూడా చెప్పలేదు. పైకి అంటే చెదిరిపోతుందేమోనన్నట్టు లోపలే దాచుకుంది.

ఏప్రిల్ చివర్లో ఒక ఆదివారం ఖాయమైంది. మా ఊరి శివార్లలో మరోదా దాటాక పొలాల మధ్య ఒక చెరువుంది. ఆ ఊరివాళ్ళని అడిగి మా సంఘం బాప్తిస్మాలు అక్కడే పెట్టుకుంటుంది. ఎండ కాస్త వాలాక మొదలు. ఆ పొద్దున నేను వంటింటి గుమ్మంలో నిలబడి ఫోన్ చూసుకుంటుంటే, అమ్మ నాన్న తెల్ల చొక్కా ఇస్త్రీ చేస్తూ తల ఎత్తింది.

"వానుంటే నాకు చెప్పకు. మీ నాన్నకి అసలే చెప్పకు. ఈసారి కూడా తప్పిపోతే ఆయనింక నీళ్ళ కాడికి రారు."

అప్పటికి చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు కూడా. ఆకాశం తెల్లగా, దుమ్ము పట్టి ఉంది. ఉపగ్రహ చిత్రంలో మా చుట్టుపక్కల ఒక్క మచ్చ లేదు. మధ్యాహ్నం భోజనాలయ్యాక మళ్ళీ చూశాను. ఉత్తరాన కవర్ధా కొండల మీద చిన్న చిన్న తెల్లటి ముద్దలు వరసగా లేచాయి. ఎండాకాలంలో రోజూ లేచేవే, సాయంత్రానికి చాలావరకు అణగిపోతాయి. తర్వాతి చిత్రంలో చాలా ముద్దలు కరిగిపోయాయి. ఒక్కటి మాత్రం పక్కవాటిని కలుపుకుని లావెక్కింది. దాని నెత్తి చల్లబడింది. ఆ తర్వాతి చిత్రంలో ఇంకా చల్లబడింది. అది దక్షిణానికి కదులుతోంది, మావైపుకే.

నేను ఎవరికీ చెప్పలేదు. అమ్మ వద్దంది కాబట్టి అని నాకు నేను చెప్పుకున్నాను. ఇలాంటివి దారి మళ్ళుతాయని, మా దాకా రాకముందే చప్పబడిపోతాయని కూడా చెప్పుకున్నాను. అవి నిజాలే. వాన సిస్టర్ అన్న పిలుపు మళ్ళీ వినాలని లేదన్నది కూడా నిజమే.

చెరువు దగ్గరికి చేరేసరికి ఎండ మెత్తబడింది. ఒక ఒడ్డున షామియానా కట్టారు, దాని కింద చాప పరిచి క్వయర్ కూర్చుంది. పక్కనే ఇప్పచెట్టు నీడలో ఇంకో చాప మీద ముసలమ్మలు కూర్చున్నారు. మేం అయ్యగారు అని పిలిచే పాస్టరు గారు నడుం లోతు నీళ్ళలో నిలబడ్డారు. బాప్తిస్మానికి వచ్చినవాళ్ళు తెల్లబట్టల్లో వరసగా నించున్నారు. నాన్న చివర నిలబడ్డారు, తనే చివర ఉంటానన్నారట. అమ్మ కొత్త తువ్వాలు మడత విప్పకుండా గుండెలకి ఆనించి పట్టుకుని నీళ్ళ అంచున నుంచుంది. ఆమె కాళ్ళ దగ్గర చెప్పులు లేవు. ఎప్పుడు విడిచిందో ఎక్కడ విడిచిందో కూడా చూసుకోలేదు.

పాట మొదలైంది. ఒక కుర్ర జంట దిగి, మునిగి, ఒకరినొకరు పట్టుకుని బయటికొచ్చారు. అప్పుడు వినిపించింది చప్పుడు. ఉత్తరాన, దూరంగా, బరువైనదేదో రేకుల మీద దొర్లినట్టు. చెరువు దగ్గర నుంచి చూస్తే ఉత్తరాన ఉండేది ప్లాంటే. చిమ్నీలు, వాటి పొగ, పొగ వెనక బూడిదరంగు. క్వయర్‌లో ఒకరిద్దరు తలలు తిప్పారు.

సంఘ పెద్ద ప్లాంటులో రిటైరైన మనిషి. ఆయన చెయ్యి ఊపి, "మనోళ్ళే. స్లాగు ఒంపుతున్నారు, మీరు కానివ్వండి," అన్నారు. మన పాటకి ప్లాంటు కూడా డప్పు కొడుతోందని పిన్ని చమత్కరించింది. నవ్వుకున్నారు. పాట కొనసాగింది. ఆ నవ్వులో నేనూ నవ్వాను గానీ నా చెయ్యి ఫోన్ మీదికి పోయింది. సిగ్నల్ లేదు. అవతలి గట్టు మీద, పొలాల వైపు, సిగ్నల్ ఉంటుందని ఎవరో అన్న గుర్తు. క్వయర్ లోంచి లేచి, చెరువు చుట్టూ తిరిగి అటు నడిచాను. నేను లేచినట్టు ఎవరూ గమనించలేదు. వెనక వరసలో ఉంటే అదొక సుఖం.

గట్టు మీద చిత్రాలు ఒక్కొక్కటీ నింపాదిగా తెరుచుకున్నాయి. ఉపగ్రహ చిత్రం కాస్త పాతది, అయినా అందులోనే మేఘం తల కమ్మరి దాగలిలా చదునుగా పరుచుకుని ఉంది. ఇంక ఎదగడానికి పైన చోటులేక పక్కలకి పరుచుకున్నదని అర్థం. రాడార్‌లో దాని తల ఎర్రగా, మధ్యలో ఇంకా ముదురుగా కనిపించింది. అంత దూరం నుంచి, అంత ఎత్తున ఆ రంగు పట్టుబడిందంటే లోపల వడగళ్ళున్నాయని మా సర్ చెప్పేవారు. చివరికి పిడుగుల పటం తెరిచాను. పాత చుక్కలు ఉత్తరాన దూరంగా ధమ్ధా చుట్టూ ఉన్నాయి. అప్పుడే పడ్డ చుక్కలు దుర్గ్ ఇవతలికి వచ్చేశాయి.

తలెత్తి చూశాను. చిమ్నీల పొగ వెనక ఉన్న బూడిదరంగు పొగ కాదు. దానికి అంచు ఉంది. ఆ అంచు మా నెత్తి మీదికి సగం ఆకాశం దాకా వచ్చి ఉంది. ఇన్నేళ్ళుగా ప్లాంటుని చూసీ చూసీ మా అందరి కళ్ళకీ అటువైపు ఆకాశం కనిపించడం మానేసింది.

ఇప్పుడు చెప్పాలి. అటు చూస్తే వరసలో ఎవరూ మిగల్లేదు. నాన్న నీళ్ళలోకి దిగుతున్నారు.

చీలమండలు, మోకాళ్ళు, నడుం. అయ్యగారు చెయ్యి చాచారు. అమ్మ తువ్వాలు మీద గడ్డం ఆనించి చూస్తోంది. ఇన్నేళ్ళుగా ఆమె ఎదురుచూసింది ఈ ఒక్క నిమిషానికి. ఇంకో నిమిషం ఊరుకుంటే ఆ పని అయిపోతుంది. ఇప్పుడు ఆపితే నాన్న ఇంకెప్పటికీ దిగకపోవచ్చు. ఆపకపోతే, ఆ నిమిషంలో, చుట్టూ ఎత్తయిన వస్తువేదీ లేని ఆ నీళ్ళలో ఇద్దరు మనుషులు నిలబడి ఉంటారు. పిడుగు ఎప్పుడు పడుతుందో ఏ చిత్రమూ చెప్పదు. పడే చోటికి వచ్చామని మాత్రమే చెబుతుంది.

నాన్నా అని పిలిచాను. నా గొంతు నాకే సరిగా వినపడలేదు. క్వయర్ పాటలో, డోలక్ చప్పుడులో అది చెరువు సగం దాకా కూడా వెళ్ళి ఉండదు. మళ్ళీ అరిచాను. అయ్యగారి చెయ్యి నాన్న తల వెనక్కి వెళ్ళింది.

అప్పుడు నా చేతులు వాటంతట అవే లేచాయి. రెండు చేతులూ భుజాల ఎత్తున పక్కలకి చాచి, అరచేతులు నేలకి తిప్పి, అటూ ఇటూ ఊపాను. క్రేన్ కింద నేల మీద పనిచేసేవాళ్ళు పైనున్న ఆపరేటర్‌కి ఇచ్చే అత్యవసర సిగ్నల్ అది. ఆ చప్పుడులో మాట వినపడదు కాబట్టి అక్కడంతా చేతులతోనే నడుస్తుంది. ఎత్తమనీ దించమనీ పక్కకి జరపమనీ చెప్పడానికి ఒక్క మనిషిని పెడతారు, ఇంకెవరు చేతులూపినా ఆపరేటర్ చూడడు. ఆగమన్న సిగ్నల్ ఒక్కటీ అలా కాదు. ఎవరిచ్చినా ఆగాలి. నిన్న చేరినవాడిచ్చినా, నేల ఊడ్చేవాడిచ్చినా. ముందు ఆగాలి, తర్వాత అడగాలి. ఈ నియమం మా ఇళ్ళలో పిల్లలకి కూడా తెలుసు.

నాన్న ముఖం ఇటే తిరిగి ఉంది. నన్ను చూశారు. మునగడానికి వెనక్కి వాలబోతున్న మనిషి నిటారుగా నిలబడి, అయ్యగారి మణికట్టు పట్టుకుని ఆపారు. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. అదే క్షణంలో ఒడ్డున కూడా ఒక వింత జరిగింది. సంఘ పెద్ద నన్ను చూసి, ఎందుకో ఏమిటో తెలియకుండానే, తన రెండు చేతులూ చాచి అదే సిగ్నల్ క్వయర్‌కి ఇచ్చేశారు. డోలక్ ఆగింది. పాట మధ్యలో తెగింది. ఒడ్డున సగం మంది మగవాళ్ళు ప్లాంటు మనుషులే. అందరూ ఉన్నచోటనే ఆగిపోయి నావైపు తిరిగారు.

అంతమంది ఒక్కసారిగా నన్ను చూడటం అదే మొదటిసారి.  అప్పుడు నిశ్శబ్దంలో ఇంకో ఉరుము వినిపించింది. పాట లేకపోవడంతో అది ప్లాంటు చప్పుడులా లేదని చాలామందికి అప్పుడే తెలిసింది.

నాన్న అయ్యగారిని ముందు నడిపించుకుని ఒడ్డుకొచ్చారు. నేను గట్టు మీద పరుగెత్తుకుంటూ వచ్చి వాళ్ళ దగ్గర ఆగాను. నాన్న ఆకాశం చూడలేదు.

"ఏటమ్మా?"

"పిడుగులు నాన్నా. దుర్గ్ దాటి వచ్చేసింది. ప్లాంటు కాదు."

"ఎక్కడికి పోవాల?"

"బడికి. చెట్టు కింద వద్దు, షామియానా కింద వద్దు."

సంఘ పెద్ద తేరుకుని, నా సర్వీసంతా ఈ చప్పుడు వింటూనే ఉన్నాను, ఇది ఒట్టి స్లాగు అని మొదలుపెట్టారు. నాన్న ఆయన భుజం మీద తడి చెయ్యి వేసి, "భయ్యా, సిగ్నల్ పడింది. ముందు పద, తరవాత దెబ్బలాడుకుందాం," అన్నారు. ఆయన ఇప్పచెట్టు వైపు నడిచారు. ముసలమ్మలని చేతులు పట్టి లేపారు. చెరువు పక్కనే ఆ ఊరి బడి ఉంది, స్లాబు వేసిన రెండు గదులు. ఊరివాళ్ళు తాళం తీసిచ్చారు.

అందరం లోపలికి చేరామో లేదో గాలి వచ్చింది. ముందు దుమ్ము, తర్వాత చల్లదనం, తర్వాత వడగళ్ళు. షామియానా ఒక పక్క లేచి నీళ్ళలోకి ఒరిగింది. ఆ తర్వాతి మెరుపుకీ చప్పుడుకీ మధ్య ఎడం లేదు. గది మొత్తం తెల్లబారింది. పిల్లలు ఏడవలేదు, నోరు తెరిచి ఉండిపోయారు. కిటికీ దగ్గరున్నవాళ్ళు ఇప్పచెట్టు, ఇప్పచెట్టు అన్నారు. వాన తెరల మధ్య చూస్తే చెట్టు పైకొమ్మ ఒకటి చీలి కిందికి వేలాడుతోంది, బెరడు నిలువునా ఊడి తెల్లటి చార పడింది. కాసేపటి క్రితం ముసలమ్మలు కూర్చున్న చాప దాని కింద వానలో తడుస్తోంది.

 అయ్యగారు మెల్లగా ప్రార్థన మొదలుపెట్టారు, కృతజ్ఞత చెబుతూ. నేను కళ్ళు మూసుకోలేకపోయాను. అందరూ ఉన్నారా అని లెక్కపెట్టుకుంటూ ఉండిపోయాను. అందరూ ఉన్నారు. ఆ మాట మనసులో ఎన్నిసార్లు అనుకున్నానో. అందరూ ఉన్నారు.

అమ్మ గోడవార నిలబడి నాన్న బట్టలే చూస్తోంది. నడుం దాకా తడి, పైన చొక్కా ఇస్త్రీ మడత చెదరకుండా పొడిగా ఉంది. ప్రాణాలు దక్కినందుకు సంతోషం, మూడోసారి కూడా తప్పినందుకు దిగులు, రెండూ ఆమె ముఖంలో ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. నన్ను దగ్గరికి లాక్కుంది. కోప్పడుతుందనుకున్నాను. నా తల మీద దుమ్ము కొంగుతో తుడిచి, చెవిలో, "మంచి పని చేశావు," అంది. తర్వాత ఇంకా చిన్నగా, "ఆయన మళ్ళీ దిగుతారా?" అంది. నాకు తెలియదన్నాను. మేఘాల గురించయితే ఎంతో కొంత చెప్పగలను.

గదిలో బిగువు సడలించింది పిన్నే. నాన్నని ఎగాదిగా చూసి, "ఏటి బావగారూ, నడుం దాకా రక్షణ వచ్చేసింది, పైనంతా పాత మనిషేనా?" అంది. గొల్లున నవ్వారు. నాన్న కూడా నవ్వారు. ఆ నవ్వు చూసి అమ్మ కాస్త తేలిగ్గా ఊపిరి తీసుకుంది.

వాన వెలిశాక అయ్యగారు నాన్న దగ్గరికొచ్చి, చీకటి పడేలా ఉంది, వచ్చే నెల పెట్టుకుందామా అని అడిగారు. అమ్మ తువ్వాలు మీద వేళ్ళు బిగిశాయి. నాన్న కాసేపు బయటికి చూసి, "ఆపినోళ్ళే విడుదల చెయ్యాల అయ్యగారూ. అది మా పద్ధతి. మా అమ్మాయి చెప్పనీండి," అన్నారు.

ప్లాంటులో నిజంగానే అంతే. పని ఆపినవాళ్ళు వచ్చి సరేననేదాకా ఇంకెవరూ మొదలుపెట్టరు. అందరూ మళ్ళీ నావైపు తిరిగారు. చివరి ఉరుము విన్నాక అరగంట ఆగాలి అని చెప్పాను. వెళ్ళిపోయిన మేఘం కూడా తోక నుంచి పిడుగు విసురుతుంది. సరే అని అందరూ బెంచీల మీద కూర్చున్నారు. ఊరివాళ్ళు టీ పంపారు. కొంతసేపటికి దూరంగా మళ్ళీ ఉరిమింది. అరగంట మళ్ళీ మొదలన్నాను. సంఘ పెద్ద నుదురు కొట్టుకున్నారు. ఈ పిల్ల అరగంటలకి అంతు లేదు, మనం రేపు డ్యూటీకి ఇక్కణ్ణుంచే పోవాలి అని పిన్ని అంది.

వెలుగు తగ్గుతోంది. వడగళ్ళు కరిగి వాకిట్లో నీళ్ళు మెరుస్తున్నాయి. అమ్మ అడగలేదు గానీ ఆమె చూపు తలుపు మీదా నా మీదా మారిమారి పడుతోంది. ఇంక చాలులే అనేస్తే అయిపోతుంది. ఎవరూ కాదనరు. నోటి దాకా వచ్చింది కూడా. మింగేసి మళ్ళీ గట్టు మీదికి నడిచాను, ఈసారి నాతో ఇద్దరు ముగ్గురు వచ్చారు. రాడార్‌లో ఎర్ర మచ్చ దక్షిణాన బాలోద్ వైపు జరిగిపోయి, రంగు చచ్చి ఉంది. కొత్త పిడుగులన్నీ అటే. దాని వెనక, ఉత్తరాన, ఉపగ్రహ చిత్రంలో ఏమీ లేదు, కొండల దాకా శుభ్రంగా ఉంది. ఒక్క చిత్రంతో నమ్మలేదు. తర్వాతిది వచ్చేదాకా నిలబడ్డాను. అది కూడా అదే చెప్పింది. ఆ మధ్యలో ఉరమలేదు.

బడి వరండాలోకి వచ్చి నిలబడ్డాను. నాన్న లేచారు. అందరికీ వినపడేలా చెప్పాలి కదా అని గొంతు పెంచబోతే, అక్కర్లేకపోయింది. అంతా ఊరికే ఉన్నారు.

"ఇప్పుడు దిగొచ్చు నాన్నా."

నాన్న తల ఊపి మెట్లు దిగారు. ఆయన వెంట అయ్యగారు. సంఘ పెద్ద అందరికంటే ముందు నడిచి, మగవాళ్ళని స్కూటర్లూ బైకులూ చెరువు అంచుకి తెమ్మన్నారు. లైట్లన్నీ నీళ్ళ మీదికి తిప్పారు. పడిపోయిన షామియానా అలా నీళ్ళలోనే ఉంది. వాన కలిసి చెరువు చల్లబడి ఉంటుంది, నాన్న మొదటి అడుగుకే భుజాలు ముడుచుకున్నారు, మళ్ళీ సర్దుకుని నడిచారు. ఆగలేదు. వెనక్కి చూడలేదు. క్వయర్ ఇందాక తెగిన చరణం దగ్గర్నుంచే ఎత్తుకుంది. నేను వెనక వరసకి వెళ్ళడం మర్చిపోయి అమ్మ పక్కనే నిలబడ్డాను.

అయ్యగారి చెయ్యి నాన్న తల వెనక్కి వెళ్ళింది. నాన్న కళ్ళు గట్టిగా మూసుకుని వెనక్కి వాలారు. నీళ్ళు ఆయన ముఖం మీద కలిశాయి. తర్వాత ఒక్కసారిగా, దగ్గుతూ, జుట్టంతా నుదుటికి అతుక్కుని పైకి లేచారు.

అమ్మ ఆగలేదు. ఆయన ఒడ్డుకి వచ్చేదాకా కూడా ఉండకుండా, చీరతోనే నీళ్ళలోకి దిగి వెళ్ళి ఆ తువ్వాలు మడత విప్పి ఆయన తల మీద కప్పింది. నాన్న ఆమెతో ఏదో అన్నారు. లైట్ల వెలుగులో వాళ్ళ నోళ్ళు కదలడం కనిపించింది గానీ పాటలో మాట వినపడలేదు. అమ్మ ఏడుస్తూనే నవ్వి, ఆయన చెవుల్లోంచి నీళ్ళు తుడుస్తూ ఉంది. ఆకాశంలో ఒక పక్క చుక్కలు బయటపడుతున్నాయి. నేను ఫోన్ ఆపేసి సంచిలో పెట్టేశాను.